హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అమెరికా సభ, యలహంక సాక్షి

బెంగళూరు వెళ్ళొచ్చి యాత్ర రాయడమేమిటని మా స్టాఫ్‌రూములో అప్పుడే నవ్వులు మొదలయ్యాయి. నవ్వనివ్వండి. హిందూపురం వాళ్ళకు బెంగళూరంటే కంటి ఆస్పత్రి, పెళ్ళిబట్టలు, లేదా ఏదో ఒక ఉద్యోగం. నేను మాత్రం అమెరికా ప్రభుత్వం ఎలా నడుస్తుందో చూడటానికి వెళ్ళాను. చూసి, తల కొంచెం ఎత్తుకునే తిరిగొచ్చాను. అందుకే ఈ రాత.

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా రాజనీతిశాస్త్రం చెబుతున్నాను. అందులో అమెరికా రాజ్యాంగం ఒక పూర్తి యూనిట్. అధికార పృథక్కరణ, నిరోధ సమతౌల్యాలు అని బోర్డు మీద రాస్తాను, పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు. పరీక్షల ముందు కంఠతా పట్టి, పరీక్షలయ్యాక హాయిగా మరిచిపోయే పాఠం అది. ఇన్నేళ్ళలో దాన్ని మరిచిపోకుండా నా వెంటపడి ప్రశ్నలడిగిన పిల్ల ఒక్కతే. పేరు నాగవేణి. బి.ఏ. మూడో సంవత్సరం పరీక్షలు ఈమధ్యే రాసింది, తెలుగు మీడియం. తల్లి మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. మునిసిపల్ కమిషనర్ కావాలని ఆ పిల్ల కోరిక. ఆ మాట ఎవరితోనైనా చెప్పాల్సి వస్తే గొంతు తగ్గించి చెబుతుంది.

ప్రభుత్వ ఉద్యోగాలకు వెళ్ళదలచిన పిల్లల కోసం బెంగళూరులో ఒక కోర్సు ఉంది. అమెరికా ప్రభుత్వాన్ని, మన ప్రభుత్వాన్ని పక్కపక్కన పెట్టి ఏడాది పాటు నేర్పుతారు. చదువు ఖర్చు, హాస్టలు అన్నీ వాళ్ళే చూసుకునే సీట్లు రెండే. వాటికోసం పదకొండు మందిని పిలిచారు, అందులో మా నాగవేణి ఒకతి. రాతపరీక్ష లేదు. ఆ పదకొండు మందీ రెండు రోజులు అమెరికా ప్రతినిధుల సభలో ఒక కమిటీగా కూర్చోవాలి. తలా ఒక బిల్లు పెట్టాలి, తలా ఒక సాక్షిని పిలిచి విచారించాలి. అది చూసి సీటు ఇస్తారు. తోడుగా ఒక అధ్యాపకురాలు రావచ్చన్నారు. రమ్మన్నాక నేను ఆగుతానా.

శుక్రవారం, రైల్లో

నాగవేణి బిల్లు నాకు బాగా నచ్చింది. ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కట్టడం పనులు ఆపాలని. ప్రసంగం నేనే దిద్దాను. రైలెక్కిన దగ్గర్నుంచి పైకి చదివిస్తూనే ఉన్నాను. ఎదురు సీట్లో, మా ఊరి మార్కెట్లో పట్టుగూళ్ళు అమ్ముకుని ఖాళీ సంచులతో గౌరీబిదనూరు తిరిగిపోతున్న రైతు ఒకాయన కదలకుండా విన్నాడు. ఇంగ్లీషు ప్రసంగం మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు విని, చేతిసంచిలోంచి వేయించిన చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, తీసి మా ఇద్దరి చేతుల్లో పోశాడు.

“బాగా మాట్లాడ్తాండావు పాపా. ఎలక్షను యాపొద్దు?” అన్నాడు.

నాగవేణి సిగ్గుతో కిటికీ వైపు తిరిగింది. ఎన్నికలు కావప్పా, సీటు కోసమని నేను చెప్పాను. ఏ సీటయినా సీటేగదా, గెలిచి రాండి అని దిగిపోయాడు. మంచి శకునమనుకున్నాను. శకునాలు నమ్మననుకోండి, అయినా అనుకున్నాను.

దొడ్డబళ్ళాపురం

నాగవేణి పిన్ని రత్నమ్మ దొడ్డబళ్ళాపురంలో మగ్గాల షెడ్డులో పనిచేస్తుంది. భోజనానికి అక్కడ దిగాం. ఆ వీధిలో ఇంటింటా మరమగ్గం చప్పుడే. గ్లాసులో నీళ్ళు వణుకుతుంటాయి. అక్కడి వాళ్ళు కేకలు వేయరు, ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. నేను క్లాసులో గొంతు చించుకునే మనిషిని కాబట్టి ఈ పద్ధతి మీద నాకు అసూయ కలిగింది.

రాగిముద్ద మాకూ రోజువారీ భోజనమే. మేం అందులోకి చెనిక్కాయ ఊరిబిండి, అంటే నూరిన పచ్చడి, వేసుకుంటాం. రత్నమ్మ బస్సారు పోసింది, ఆకుకూర, పప్పు ఉడికించిన నీళ్ళతో చేసే చారు. రెండో ముద్ద నేను అడగకముందే వేసింది. తింటుండగా అసలు సంగతి కూడా వడ్డించింది.

“గార్మెంట్స్‌లో సూపర్‌వైజరుతో మాట్లాడుండాను మేడం. సోమవారం నుంచి రమ్మన్నాడు. ఈ అమెరికా సీటు వస్తే సంతోషమే. రాకుంటే సోమవారం పొద్దున్నే ఈ పాప ఈడ ఉండల్ల. వాళ్ళమ్మ కూడా ఒప్పుకునుండాది.”

నేను నాగవేణి మొహం చూశాను. ఆ పిల్లకు ఇది ముందే తెలుసు, నాకు చెప్పలేదంతే. పై చదువు గొప్పతనం గురించి నాలుగు మాటలు నా నోటిదాకా వచ్చాయి. పొద్దుట్నుంచి నిలబడి మగ్గం నడిపి, మాకోసం మధ్యలో వచ్చి వండిపెట్టిన మనిషికి ఆ మాటలు చెప్పబుద్ధి కాలేదు. చారు బాగుందని మాత్రం చెప్పాను. నిజంగానే బాగుంది.

యలహంక

ఆ సాయంత్రం యలహంక పాతవూళ్ళో నాగవేణి అక్క సరోజ ఇంటికి చేరాం. వరుసగా ఎనిమిది గదులు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, అందరికీ కలిపి ఒక కొళాయి. అక్కడివాళ్ళు దాన్ని వఠారం అంటారు. సరోజ, ఆమె భర్త ఇద్దరూ కట్టడం పనికి పోతారు. ఆ వారం భర్త హోసకోట వైపు సైటులో ఉన్నాడట. సరోజకు ముప్పయ్యేళ్ళు ఉండవు, అరచేతులు చూస్తే మాత్రం నా వయసు కనిపిస్తుంది.

వైమానిక స్థావరం పక్కనే కాబట్టి విమానాలు నెత్తిమీదే పోతాయి. మొదటి విమానానికి నేను ఉన్నచోటే కూర్చుండిపోయాను. కొళాయి దగ్గరి ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. వాళ్ళు తలెత్తి కూడా చూడరు, బిందె నిండిందా లేదా అదే చూస్తారు. మా ఊళ్ళో హెలికాప్టరు వస్తే కాలేజీకి సెలవు ఇచ్చినంత పని అవుతుంది.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, శనివారం

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో చిరునామా పట్టుకోవడం నా చదువుకు మించిన పని అయింది. మెయిన్లు, క్రాసులు అని వీధులన్నీ అంకెలే. అంకె దొరికితే చాలనుకున్నాను. అదే అంకె ఇంకో సెక్టారులో కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ధైర్యంగా తలుపు తోసుకుని వెళ్తే అది కుక్కలకు స్నానం చేయించే అంగడి. గోడ మీద స్నానం రేట్లు చదివి, నాగవేణి చెయ్యి పట్టుకుని గబగబా బయటపడ్డాను. పక్కన కాఫీ నూట ఎనభై రూపాయలు. మా బస్టాండు దగ్గర పది రూపాయల కాఫీ దీనికేం తీసిపోదని రుచి చూడకుండానే తీర్మానించాను.

ఎలాగో సమయానికి చేరాం. పొడుగాటి గది, గుర్రపునాడా ఆకారంలో బల్లలు, ఎదురుగా సాక్షికి ఒక చిన్న బల్ల. కమిటీ అధ్యక్షురాలిగా కూర్చున్నావిడ పదవీ విరమణ చేసిన పెద్ద అధికారి. పక్కన ముగ్గురు న్యాయనిర్ణేతలు. మొదట ఆవిడ రెండు మాటలు చెప్పారు.

“మన ఆఫీసుల్లో ముందు ఫైలు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు. అమెరికా కమిటీల్లో మనిషిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి అందరి ముందూ వింటారు. అది నేర్చుకోండి. టీవీ కెమెరా ఉంటే అక్కడి సభ్యులు కూడా సాక్షిని వదిలేసి తామే మాట్లాడుకుంటారు. అది నేర్చుకోకండి.”

తొలి ప్రసంగానికి మూడు నిమిషాలు. బల్ల మీద చిన్న దీపాలు. పచ్చదీపం వెలిగితే మాట్లాడాలి, పసుపు వస్తే ముగించాలి, ఎరుపు వస్తే ఆపాలి.

నాగవేణి లేచింది, పచ్చదీపం వెలిగింది. ఇక చూడండి నేను నేర్పిన విద్య. గౌరవనీయులైన అధ్యక్షురాలికి, వేదికను అలంకరించిన న్యాయనిర్ణేతలకు, సంస్థ నిర్వాహకులకు, విచ్చేసిన అధ్యాపకులకు, తోటి సభ్యులకు పేరుపేరునా నమస్కారాలు. ఈ అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. ఆపైన, తనను ఇంతదాన్ని చేసిన మా మేడం గారికి ప్రత్యేక వందనం. మన ఊళ్ళో ఏ సభలోనైనా ఇది లేకపోతే పిల్లకు మర్యాద తెలియదంటారు. ఆ వందనం దగ్గరే పసుపు దీపం వచ్చింది. బిల్లు పేరు చదివేసరికి ఎరుపు.

“సభ్యురాలి సమయం ముగిసింది” అన్నారు అధ్యక్షురాలు, మెత్తగానే.

నాగవేణి చేతిలో ఇంకా నాలుగు కాగితాలున్నాయి. అవి పట్టుకుని కాసేపు నిలబడి, కూర్చుంది. ఎవరో కిసుక్కుమన్నారు. నాకు నేలలోకి కూరుకుపోతే బాగుండునని అనిపించింది. అమెరికా సభలో ఎందరు సభ్యులు, ఎన్నేళ్ళ పదవి, అన్నీ చెప్పాను. మాటకు గడియారం కడతారని చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు. సోమవారం గార్మెంట్స్ గేటు దగ్గర ఈ పిల్ల నిలబడితే అందుకు కారణం నేనేనని తిరుగు దారంతా అనుకున్నాను.

మళ్ళీ యలహంక

బస్సు దిగాక నాగవేణే నన్ను ఓదార్చింది. “మీరేం చేస్తారు మేడం, మన సభల్లో అట్లనే గదా” అంది. అదీ ఆ పిల్ల గుణం.

మర్నాడు సాక్షుల విచారణ. ఒక్కో సభ్యుడికి ఐదు నిమిషాలు. మిగతావాళ్ళు ఇంజనీర్లను, ప్రొఫెసర్లను పిలుస్తున్నారు. నాగవేణి సాక్షిని నేనే. నిపుణురాలిగా కూర్చోవడానికి ధర్మవరం పట్టుచీర ఇస్త్రీ చేయించి తెచ్చుకున్నాను కూడా. సరోజ అన్నం వడ్డిస్తుంటే నాగవేణి చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుంది.

“మేడం, మీరు ఏమనుకోకుంటే ఒక మాట. మీరు ఎండలో పని చేయలే. నేను మా అక్కను పిలుస్తా.”

మనసు చివుక్కుమంది, దాచడమెందుకు. ఇరవై రెండేళ్ళ అనుభవం, పట్టుచీర, రెండూ ఒక్క మాటతో పక్కకు పోయాయి. అయినా ఆ పిల్ల చెప్పింది నిజం. సరోజ మాత్రం గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

“నేనా? నాకేం తెలుసే? ఆడంతా పెద్దోళ్ళు ఉంటారు.”

“నీకు తెలిసిందే అడుగుతానక్కా.”

ఏం చెప్పాలో సరోజకు నేర్పిద్దామని నేను కాగితం తీశాను. మూడు గంటల విరామం ఎంత మేలు చేస్తుందో నాలుగు వాక్యాలు. నాగవేణి నా చేతిలోంచి కాగితం మర్యాదగానే తీసుకుని మడిచి పెట్టేసింది. “వద్దు మేడం. మనం నేర్పిస్తే అది అక్క మాట కాదు, మన మాటయితాది” అంది. పాఠం చెప్పేదాన్ని నేనో తనో అర్థం కాని స్థితిలో చారన్నం కలుపుకున్నాను.

ఆదివారం, విచారణ గది

సాక్షులు తమకు వచ్చిన భాషలో చెప్పవచ్చు. పిలిచిన సభ్యులే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి సభకు వినిపించాలి. అది నియమం.

సరోజ నీలం రంగు వాయిల్ చీర కట్టుకుని వచ్చింది. సాక్షి బల్ల దగ్గరికి వెళ్ళబోతూ ఆగి, చెప్పులు వదిలింది. అక్కడ ఎవరూ వదల్లేదు. ఆవిడ వదిలి, చల్లటి గచ్చు మీద నడిచి వెళ్ళి, వాళ్ళు చెప్పినట్టు కుడిచెయ్యి ఎత్తి నిజమే చెబుతానని ప్రమాణం చేసింది. కాయలు కాసిన ఆ అరచెయ్యి గదంతటికీ కనిపించింది.

పచ్చదీపం వెలిగింది. ఈసారి నమస్కారాలు లేవు.

“అధ్యక్షురాలా, ఈ సాక్షి నా సొంత అక్క. ఇది సభకు తెలియాలి” అని ఇంగ్లీషులో చెప్పి, నాగవేణి అక్క వైపు తిరిగింది. “అక్కా, ఎండకాలం మధ్యాహ్నం పని ఎట్లుంటాది?”

సరోజ చెప్పింది. ఇనుప కడ్డీ ముట్టుకుంటే చెయ్యి కాలుతుందట. నీళ్ళ డ్రమ్ము ఎండలోనే పెడతారు కాబట్టి తాగే నీళ్ళు కూడా వేడిగానే ఉంటాయట. పోయిన ఎండాకాలం తనతో ఇటుకలు మోసే ఆవిడ మూడో అంతస్తు మెట్ల మీద కళ్ళు తిరిగి పడింది. నాగవేణి ఒక్కో మాట ఇంగ్లీషులో చెబుతూ పోయింది. న్యాయనిర్ణేతలు రాసుకుంటున్నారు. నా ప్రాణం లేచి వచ్చింది.

“అయితే పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపాలని చట్టం వస్తే నీకు మంచిదే గదా?”

సరోజ చెల్లెలి మొహం చూసింది. చెయ్యెత్తి ప్రమాణం చేసిన మనిషి.

“మంచిది గాదు పాపా. మూడు గంటలు ఆపితే మేస్త్రీ ఆ మూడు గంటల కూలి కోస్తాడు. సైటులో నీడ యాడుంది? ఆ ఎండలోనే సుమ్మనే పని లేకుండా కూర్చోవల్ల. ఆ చట్టం వస్తే అందరికంటే ముందు నేనే వద్దంటా.”

గదిలో ఆ మాట అర్థమైంది మా ముగ్గురికేనని నా నమ్మకం. నాగవేణి బిల్లు ఆ ఒక్క మాటతో కూలిపోయింది. ఇప్పుడు ఆ పిల్ల ఏ కొంచెం మెత్తబరిచి చెప్పినా అడిగేవాళ్ళు లేరు. కొన్ని ఇబ్బందులున్నాయని సాక్షి అంటోంది అంటే చాలు. నేనైతే ఏం చేసేదాన్నో రాయడానికి సిగ్గుగా ఉంది. మెత్తగా చెప్పమని నా కళ్ళతోనే ఆ పిల్లకు సైగ చేశాను, ఆ మాత్రం ఒప్పుకుంటే చాలు.

నాగవేణి నా వైపు చూడలేదు. ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పింది. “ఈ చట్టం వస్తే అందరికంటే ముందు తానే వద్దంటానని సాక్షి చెబుతోంది. కూలి పోతుంది, నీడ లేదు, అవి కారణాలు.”

పసుపు దీపం వెలిగింది.

“మరి ఎట్లుంటే బాగుంటాదక్కా?” అని అడిగింది.

“పొద్దున ఆరుకే మొదలుపెట్టనిస్తే మేము పదకొండున్నరకు ఆపుతాము. మళ్ళా సాయంత్రం...”

ఎర్రదీపం. సరోజ నోరు మూసుకుంది. అధ్యక్షురాలు తర్వాతి సభ్యురాలిని పిలిచారు. ఆ అమ్మాయిది మైసూరు. లేచి, “నా సమయంలోంచి రెండు నిమిషాలు హిందూపురం సభ్యురాలికి ఇస్తున్నాను” అంది. అమెరికా సభలో అలా సమయం అరువు ఇచ్చే ఆనవాయితీ ఉందట. మన సభల్లో ఒకరి మైకు ఇంకొకరు లాక్కోవడం చూశాను గానీ, ఇవ్వడం ఇదే మొదటిసారి చూడటం.

సరోజ మళ్ళీ అందుకుంది. “సాయంత్రం మూడున్నర నుంచి ఆరు దాకా చేస్తాము. పని తగ్గదు, కూలి తగ్గదు. ఒక రేకుల షెడ్డు వేస్తే చాలు. కానీ పొద్దున్నే మొదలుపెడితే సద్దు అని పక్క అపార్ట్‌మెంటోళ్ళు ఫోను చేస్తారు. అందుకే మాకు ఎండలోనే పని.”

నాగవేణి అది కూడా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ గదిలో సగం మంది పక్క అపార్ట్‌మెంట్ల నుంచే వచ్చి ఉంటారు.

మధ్యాహ్నం బిల్లుల సవరణ సమయంలో నాగవేణి లేచి, తాను పెట్టిన బిల్లు తప్పుగా ఉందని, దాన్ని తానే మారుస్తున్నానని చెప్పింది. పొద్దున ఆరుకు పని మొదలుపెట్టే అనుమతి, పూర్తి కూలి, సైటులో నీడ, నీళ్ళు. కమిటీ దశ ఎందుకుందో ఇన్నేళ్ళూ నేను రెండు మార్కుల జవాబుగా చెప్పించాను. అది ఎందుకుందో ఆ పూట చూశాను. మారిన బిల్లుకు పదకొండు మందిలో ఎనిమిది మంది చేతులెత్తారు.

ఆఖర్న న్యాయనిర్ణేతల్లో ఒకాయన, రెండు రోజులుగా ఇంగ్లీషు తప్ప మాట్లాడని మనిషి, తెలుగులో అన్నాడు.

“అమ్మాయ్, మాది తెనాలి. మీ అక్క చెప్పింది నాకు నీకంటే ముందే అర్థమైంది. ‘వద్దంటా’ అన్న చోట నువ్వేం చేస్తావా అని చూస్తూ కూర్చున్నాను.”

“ఏం చేయల్ల సార్? అక్క అదే గదా చెప్పింది” అంది నాగవేణి. ఆ పిల్లకు ఆ ప్రశ్నలో ఏముందో కూడా అర్థం కాలేదు. నాకు అర్థమై, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

సాయంత్రం

రెండు పేర్లు చదివారు. మొదటిది మైసూరు అమ్మాయి. రెండోది నాగవేణి. ఆ క్షణంలో నాకెంత గర్వం కలిగిందో తగ్గించి చెప్పను. నా జీవితంలో ఉత్తమ అధ్యాపకురాలి శాలువా రెండుసార్లు కప్పారు. రెండూ కలిపినా దీనికి సరిపోవు. అందులో నా గొప్పేమీ లేదని కూడా తెలుసు. నేను నేర్పింది పాటించినప్పుడు ఓడింది, నేను చెప్పింది పక్కనపెట్టినప్పుడు గెలిచింది. అయినా నా విద్యార్థే.

నాగవేణి రత్నమ్మకు ఫోను చేసింది. అవతల మగ్గాల చప్పుడు. సోమవారం రావడం లేదని మూడుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది. నాలుగోసారి నేను అందుకుని అరిచాను. మెయిన్ రోడ్డు మీద జనం తిరిగి చూశారు, చూడనిమ్మన్నాను.

నిలబడి తాగే చిన్న హోటల్లో కాఫీలు తీసుకున్నాం, గ్లాసు ఇరవై రూపాయలు. సరోజ తన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపటిగా అడగాలనుకుంటున్నది అడిగింది.

“ఇది ఉత్త ఆటగదా పాపా? నిజం చట్టం గాదుగదా?”

“కాదక్కా. నేర్చుకునేదానికి.”

“మరి నిజంగా చేసే కాడికి పోవల్లంటే నీకు ఎన్నేండ్లు పడతాది?”

నాగవేణి వేళ్ళు మడిచింది. ఈ కోర్సు ఒక ఏడాది. ఆపైన పోటీ పరీక్ష, ఇంటర్వ్యూ, ట్రైనింగు. “అన్నీ సరిగ్గా జరిగితే నాలుగేండ్లు.”

సరోజ కాఫీ తాగేసి గ్లాసు బల్ల మీద పెట్టింది. చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది.

“నాలుగు ఎండకాలాలు. సరే, ఓర్చుకుంటాములే. ఐదోదానికి మాత్రం పోనియ్యద్దు.”